ఆ పిల్ల చదివిన మరాఠీ పాఠం

రిటైరైన వాళ్లను పిలిచి శాలువా కప్పి మాట్లాడించే అలవాటు మా శాఖలో ఇంకా పోలేదు. ఈ మధ్య కరీంనగర్‌లో కొత్త రిసోర్సు టీచర్లకు శిక్షణ పెట్టి నన్ను కూడా పిలిచారు. మీరు సాధించిన ఒక విజయం చెప్పండి మేడం అని అడిగారు. నేను మైకు పట్టుకుని ఎండాకాలం పిల్లలకు మజ్జిగ ఎంత అవసరమో చాలాసేపు చెప్పి కూర్చున్నాను. నిజానికి ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఒక పిల్ల. ఆమె సంగతిని విజయం కింద జమకట్టాలో, నా తెలివితక్కువతనం కింద జమకట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలని సంగతి మైకులో చెప్తే బాగుండదు కాబట్టి ఇలా రాస్తున్నాను. మీరు కొత్తవాళ్లు, బుర్రలు చురుగ్గా ఉంటాయి. మీకేమైనా తేలితే సంతోషం.

మా ఉద్యోగం ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు గానీ ఇతరులు చదివితే వాళ్ల కోసం ఒక్క ముక్క. చూపు, వినికిడి, నడక, మాట, చదువు, వీటిలో ఏదో ఒక ఇబ్బంది ఉన్న పిల్లలను బడి బడికీ తిరిగి చూసుకునే పని. వీళ్లలో నా బుర్ర తినేసింది మాత్రం చదవలేని పిల్లలే. కాలు బాగాలేని పిల్లకు కాలు బాగాలేదని ఊరంతా ఒప్పుకుంటుంది. చదవలేని పిల్లకు మాత్రం బద్ధకం అని పేరు పెడుతుంది. తెలివి ఉంటుంది, కళ్లు బాగుంటాయి, చెవులు బాగుంటాయి, అక్షరం మాత్రం నిలవదు. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ ఎన్నడూ చూడని చుట్టంలా ఎదురొస్తుంది. అలాంటి పిల్లలను ఎండాకాలం సెలవుల్లో ఒకచోట చేర్చి, ఎండ ముదరకముందే ఇంత చదువు చెప్పి పంపే శిబిరాలు నడిపేవాళ్లం.

నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు ఒక ఎండాకాలం నాకు సిరిసిల్ల వైపు ఒక నేతన్నల ఊరు పడింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. బడి గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు ఉండేది. పొద్దు పొడవకముందే టకటక మొదలయ్యేది. ఆ చప్పుడులో వినబడాలంటే అక్షరమైనా సరే అరిచి చెప్పాలి. కరెంటు పోతే సాంచాలు ఆగిపోయేవి, మేం మాత్రం అరుస్తూనే ఉండేవాళ్లం. అప్పుడు మా పాఠం వాడకట్టంతా వినేది.

నాతో పాటు ఆ బడి తెలుగు పండితుడు కూడా ఉండేవాడు. మంచి మనిషి. ప్రపంచంలో ఉన్న రోగాలన్నిటికీ గుణింతమే మందు అని నమ్మేవాడు. పిల్లలకు ఏ ఇబ్బంది ఉన్నా రాగం తీసి గుణింతం చదివించేవాడు. నేను ఏదైనా కొత్త పద్ధతి చెప్తే తలాడించి, శ్రద్ధగా విని, మళ్లీ గుణింతం అందుకునేవాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే పొద్దున్నే పిల్లలందరికీ ఇంటి నుంచి మజ్జిగ తెచ్చేవాడు. మజ్జిగ తాగాక కోపం నిలవదు.

ఆ శిబిరానికి ఒక రోజు ఒకావిడ తన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల అయిదో తరగతి అయిపోయిన పిల్ల. రెండు జడలు, గలగలా మాట. వాళ్లు భీవండి నుంచి వచ్చారు. మా వైపు నేతన్నలు చాలామందికి బొంబాయి పక్కన ఉన్న ఆ ఊరే బతుకుతెరువు. తండ్రి అక్కడ సాంచాలు నడుపుతాడు. అత్తకు ఒంట్లో బాగాలేకపోతే చూసుకోవడానికి తల్లి ఈ చిన్న బిడ్డతో ఆ ఏడు ఉగాదికి ఊరు చేరింది. పెద్ద బిడ్డ అక్కడే మేనత్త ఇంట్లో ఉండిపోయింది. తల్లి ఇక్కడ బీడీలు చేస్తుంది. చిన్నదాన్ని ఇక్కడి హైస్కూల్లో ఆరో తరగతిలో వేయాలని ఆమె ఆశ. కానీ పిల్లకు తెలుగు చదవడం రావడం లేదు.

మొదటి రోజే ఆ పిల్ల నన్ను తికమక పెట్టింది. పండితుడు ఒక పాఠం ఒకసారి పైకి చదివాడు. తర్వాత ఆమె చేతికి పుస్తకం ఇస్తే గడగడా చదివేసింది. వేలు వరస మీద నడుస్తోంది, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతోంది, ఆగాల్సిన చోట ఆగుతోంది. పండితుడు నా వైపు గర్వంగా చూశాడు. నేను మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటి అన్నాను. పక్కనున్న బొమ్మ చూసి చెట్టు అంది. బొమ్మను చేత్తో మూసి ఇంకో మాట అడిగాను. ఈసారి ఆమె పుస్తకం వదిలేసి నా ముఖం చదవడం మొదలుపెట్టింది. అంటే ఒక్కసారి విన్న పాఠమంతా ఆమె నోటికి పట్టేసిందన్న మాట. అంత జ్ఞాపకశక్తి నాకుంటే నేను ఈ ఉద్యోగంలో ఉండేదాన్నా అనిపించింది.

ఇదంతా తల్లికి చెప్తే ఆమె తేలిగ్గా తీసుకుంది. "ఆడ మరాఠిల చదువుకున్నది గద మేడం. గీ తెలుగక్షరాలు దానికి కొత్త" అంది.

ఇక్కడే నా తలకాయ తిరిగింది. ఆ మాట నిజమైతే ఈ పిల్లకు ఇబ్బందే లేదు, లిపి కొత్త, అంతే. ఏడాదిలో తెలుగూ వస్తుంది. అబద్ధమైతే ఆమెది నేను రోజూ చూసే ఇబ్బందే, అసలు పని ఇంకా మొదలే కాలేదు. ఈ రెంటిలో ఏదో తేలాలంటే ఆమె చేత మరాఠీ చదివించి చూడాలి. నాకు మరాఠీ అక్షరం ముక్క రాదు. పండితుడికి సంస్కృతం వచ్చు, ఆ లిపే కదా అన్నాను. ఆయన పరీక్షల కోసం సంస్కృతం కూడా తెలుగు లిపిలోనే చదువుకున్నాడట. ఊళ్లో భీవండి వెళ్లొచ్చిన వాళ్లు కోకొల్లలు, మరాఠీ మాట్లాడతారు, చదవమంటే మాత్రం బస్సు బోర్డు దాటి ఎవరూ ముందుకు రాలేదు.

ఆసిఫాబాద్‌లో నాకొక స్నేహితురాలుంది. ఇద్దరం ఒకప్పుడు అక్కడ ఒకే ఆఫీసులో పనిచేశాం. వాళ్లింట్లో సగం తెలుగు, సగం మరాఠీ. ఫోన్ చేస్తే చిన్నపిల్లల మరాఠీ పుస్తకం ఒకటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది.

పుస్తకం వచ్చిన రోజు శిబిరంలో పెద్ద వేడుకే అయింది. మా ఆఫీసరు కూడా ఆ రోజే చూడ్డానికి వచ్చాడు. పిల్ల పుస్తకం తెరిచి, వరస మీద వేలు పెట్టి, చక్కని మరాఠీ అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. మరాఠీ తెలిసిన వాళ్లంతా ఆ వేళ సాంచాల మీదే ఉన్నారు. ఆ మాటల్లో ఏమున్నదో మాలో ఒక్కరికీ తెలియదు, కానీ అందరం తలలు ఊపాం. పండితుడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆఫీసరు ఫోటోలు తీయించాడు. చివరి రోజు తల్లిదండ్రుల ముందు ఈ పిల్ల చేత ఇదే చదివిద్దాం అన్నాడు. నాకైతే గుండె మీది బండ దిగినట్టయింది. ఈ పిల్లకు చదవడంలో ఇబ్బంది లేదు, లిపి మారింది అంతే అని అందరి ముందూ చెప్పేశాను. ఇన్నేళ్ల అనుభవం కదా, నా మాటకు కొంచెం విలువ ఉండేది. అదే కొంప ముంచింది.

ఆ వారంలోనే తండ్రి భీవండి నుంచి వచ్చాడు, దగ్గరి వాళ్ల పెళ్లికి. బడికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. శిబిరం సంగతులు ఫోన్‌లో చూపించబోతే కళ్లద్దాలు షెడ్డులో మర్చిపోయాను, మీరే చదివి చెప్పండి అన్నాడు. నేను చదివి వినిపించి, బిడ్డ మరాఠీ ఎంత బాగా చదువుతుందో పొంగిపోతూ చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను ఇంకో రెండు మాటలు ఎక్కువే పొగిడాను.

మర్నాడు తల్లి వచ్చింది. బీడీలు చేసే చేట చంకలోనే ఉంది, కత్తిరించిన తునికాకు అందులోనే ఉంది. పని మధ్యలో లేచి వచ్చిందని తెలుస్తోంది. నా మీద అరవలేదు, ఏడవలేదు. నిలబడే చెప్పింది.

"మేడం, మీరు చెప్పింది ఇని మా ఆయన బిడ్డను తోల్కపోత అంటుండు. మరాఠి గంత మంచిగ చదివే పిల్లను తెలుగుల ఏసి ఏడాది ఖరాబ్ ఎందుకు చేయాలె, ఆడ మేనత్త ఇంట్ల ఉండి చదువుకుంటది అంటుండు. పెద్దదాన్ని గూడ గట్లనే ఉంచిన్రు. పొద్దుగాల బడి, పొద్దుమీకి రొట్టెలు అన్నరు. బడి పోయింది, రొట్టెలు మిగిలినయి."

ఆ మేనత్త భీవండిలో సాంచాలు నడిపే వాళ్లకు రెండు పూటలా భోజనం పెడుతుందట. పెద్ద పిల్ల ఇప్పుడు పొయ్యి దగ్గర నుంచి లేవడం లేదట. మేనత్త చెడ్డదేం కాదని కూడా ఆమే చెప్పింది. పని అలా ఉంటుంది, పిల్లలు అలా జారిపోతారు. మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాటి సాయంత్రం బస్సుకే తండ్రి ప్రయాణం. ఇంట్లో అప్పుడే పిల్ల బట్టలు సర్దుతున్నారట.

నేను మంచి మాట చెప్తే అది ఆ పిల్ల బడికే ఎసరు పెట్టింది. ఏం చెప్పి పంపాలో తోచక, చూద్దాం చెల్లె, ఇంకా టైముంది అన్నాను. ఆ మాటకు అర్థం లేదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత రెండు రోజులకు ఆసిఫాబాద్ స్నేహితురాలు ఏదో పని మీద కరీంనగర్ వచ్చి, అటు నుంచి నన్ను చూడ్డానికి బస్సెక్కి బడికి వచ్చింది. తను పంపిన పుస్తకం చదివే పిల్లను చూడాలని సరదా. పిల్ల ఎప్పటిలాగే పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. నా స్నేహితురాలు మొదట ముఖం చిట్లించింది, తర్వాత వంగి పుస్తకంలోకి చూసింది, తర్వాత నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నన్ను వరండాలోకి లాక్కెళ్లింది.

"అక్కా, పుస్తకంల ఉన్నది మామిడితోట కథ. గీ పిల్ల చెప్పేది బడిల పొద్దుగాల చెప్పే ప్రతిజ్ఞ. గది అయిపోయినంక బస్టాండుల మైకు మొదలువెట్టింది. కల్యాణ్ పోయే బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తదో గది చెప్తుంది."

ఆమె మళ్లీ నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేమంతా కలిసి, ఆఫీసరుతో సహా, తలలూపుతూ విన్నది బస్టాండు ప్రకటన. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఇక్కడ చదవకుండానే అందరి మతీ పోగొట్టింది ఈ పిల్ల.

పిల్లను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నాను. కోప్పడదామనే పిలిచాను, నిజం. నేను నోరు తెరవకముందే ఆమెకు తెలిసిపోయింది. తల దించుకుని జడ కొస తిప్పుతూ ఏదో అంది. షెడ్డులో సాంచాలు ఆడుతున్నాయి కాబట్టి ఆమె మాట నాకు మొదటిసారి వినబడలేదు. రెండోసారి చెప్పమన్నాను.

"ఆడ మా టీచర్‌కు నేను తెలుగుదాన్ని, నాకు మరాఠి చదవస్తలేదు అని చెప్పిన. ఈడ మీకు మరాఠిదాన్ని అని చెప్పిన. ఇగ ఏడికి వోయి ఏం జెప్పాలె మేడం?"

రెండు రాష్ట్రాల బళ్ల మధ్య ఒక పిల్ల ఇన్నేళ్లు ఎవరికీ దొరకకుండా దాక్కుంది. అందుకు ఎంత తెలివి కావాలి, ఎంత భయం ఉండాలి. కోపం ఎటు పోయిందో పోయింది. ఆ తలను దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకున్నాను.

ఆ రోజు నుంచి అసలు పని మొదలైంది. షెడ్డు నుంచి పనికిరాని నూలు అడిగి తెచ్చాను. అట్టముక్క మీద బంక రాసి, దారంతో అక్షరం పరిచి, దాని మీద వేలు నడిపిస్తూ పలకాలి. కంటికి దొరకని అక్షరం ఒక్కోసారి వేలికి దొరుకుతుంది. నేతింటి పిల్ల కదా, దారం పట్టుకోగానే ఆమె వేళ్లకు ధైర్యం వచ్చింది. ఒకరోజు మూడు నాలుగు అక్షరాలు పట్టేసేది. మర్నాడు అందులో ఒక్కటీ ఉండేది కాదు. ఆమె ముఖం మాడ్చుకుంటే నేను ఒకటే మాట అనేదాన్ని, ఏం కాదు బిడ్డా, రేపు మళ్ల చూద్దాం. అలా అనడం మాకు శిక్షణలో నేర్పలేదు, వేరే మాట తోచక అన్నదే.

తండ్రికి చెప్పాలా వద్దా అన్నది మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. చెప్పకపోతే మరాఠీ చదువరి అనుకుని భీవండి తీసుకుపోతాడు, అక్కడ రొట్టెలు ఎదురుచూస్తున్నాయి. చెప్తే రెండు భాషల్లోనూ రాని పిల్లకు బడెందుకు అంటాడు, రొట్టెలైనా నేర్చుకుంటుంది అంటాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. పండితుణ్ని సలహా అడిగాను. ఆయన, మీరు నోరు మూసుకుంటే బాగుంటుందేమో అని ఒకసారి, తండ్రికి చెప్పకపోతే పాపం తగులుతుంది అని ఇంకోసారి అన్నాడు. ఆఫీసరుకు చెప్తే ఫోటోలు పైకి పంపేశాం కదా మేడం అన్నాడు. స్నేహితురాలు ఫోన్‌లో, నాకైతే సమజ్ అయితలేదక్కా అంది. వీళ్లందరిలోకి ఆమే నిజాయితీగా మాట్లాడింది.

శిబిరం చివరి రోజు సరిగ్గా మిరుగం నాడు పడింది. ఆనాడు మా వైపు చేప తినని ఇల్లుండదు. పొద్దున్నే జనమంతా చేపల దగ్గర గుమిగూడతారు, ఆ రోజు సభ పెట్టొద్దు మహాప్రభో అని మొత్తుకున్నాం. తేదీ పై నుంచి వచ్చింది, మార్చలేం అన్నాడు ఆఫీసరు. ఆయనది మా వైపు కాదు. చివరికి తల్లిదండ్రుల్లో కొందరు రానేలేదు, భీవండి తిరిగొచ్చిన వాళ్లంతా చేపల దగ్గరే ఉండిపోయారు. వచ్చిన వాళ్లు చేపల సంచులతో వచ్చారు. చేపల వాసనకు బడి పిల్లులన్నీ ముందు వరసలో కూర్చున్నాయి. ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అక్షరం గొప్పదనం గురించి ఉపన్యసించాడు.

మా పిల్ల తండ్రి కూడా సంచితో వచ్చి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. పక్కన తల్లి. సభ అయ్యాక పక్కకు తీసుకెళ్లి నిజం చెప్పేద్దామని అప్పటికి నిశ్చయించుకున్నాను. అంతలో ఆఫీసరు పిల్ల పేరు పిలిచాడు. ఒంట్లో బాగాలేదు సార్ అన్నాను. రెండు నిమిషాలే మేడం అన్నాడు. ఇంకేదో చెప్పేలోగా పిల్ల లేచింది. మరాఠీ పుస్తకం ఆమె చేతికిచ్చారు. ఆమె ఒకసారి నా వైపు చూసింది, వేలు వరస మీద పెట్టింది, మొదలుపెట్టింది.

నేను తల ఎత్తలేకపోయాను. కాసేపటికి తండ్రి ఎలా వింటున్నాడో చూద్దామని చూశాను. మొదట్లో చిన్నగా నవ్వుతున్నాడు. ఎక్కడో ఒకచోట ఆ నవ్వు ఆగింది. తల కొంచెం పక్కకు వంచి, మైకులో వచ్చే మాటను జాగ్రత్తగా పట్టుకునే మనిషిలా విన్నాడు. తర్వాత చేపల సంచి చేత్తోనే జనం మధ్య నుంచి ముందుకు నడిచాడు. సంచి నుంచి నీళ్లు కారుతున్నాయి, పిల్లులు వెంటపడ్డాయి. బిడ్డ దగ్గరికి వెళ్లి, చేతిలో పుస్తకం మెల్లగా తీసుకుని మూసి బల్ల మీద పెట్టాడు.

"సారూ, దానికి గొంతు నొస్తుంది. ఇగ చాలు" అన్నాడు.

బిడ్డ తల మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లాడు. అందరూ గొంతు నొప్పికి చప్పట్లు కొట్టారు. నేను వెనకాలే పరుగెత్తాను.

వరండాలో ఆయన ముందు నిలబడి రాత్రంతా తయారు చేసుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పోసేశాను. తప్పు నాది, పిల్లది కాదు, ఆమెకు రెండూ రావు, అయినా తెలివైంది, రొట్టెల దగ్గర పెట్టొద్దు, ఇలా. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. నేను ఊపిరి తీసుకున్నప్పుడు ఒకటే అడిగాడు.

"ఈడ ఉంటె వస్తదా?"

వస్తుంది అని గట్టిగా చెప్పేస్తే సరిపోయేది. అంతకుముందు గట్టిగా చెప్పిన మాట ఏం చేసిందో చూశాను కాబట్టి నోరు రాలేదు.

"తెల్వది తమ్మీ. జర జర వస్తది. అందరి లెక్క రాదు. ఒకనాడు వస్తది, ఒకనాడు రాదు. కని ఈడ దాసుకునుడు ఉండది."

ఆయన బిడ్డ వైపు చూశాడు. పిల్ల చెప్పు కొసతో నేల గీరుతోంది. అంతదాకా ఏదో కోపంగా అంటాడని, బిడ్డను కొడతాడేమోనని నేను మధ్యలో నిలబడి ఉన్నాను. ఆయన సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఈడనే ఉండనీయుండ్రి మేడం. బట్టల మూట మళ్ల ఇప్పుతం" అన్నాడు.

నమ్మలేక, మళ్లీ మాట మారుస్తాడేమోనని భయపడి, హైస్కూల్లో చేర్చుకునే తేదీ ఫోన్‌లో అక్కడికక్కడే చూపించాను. కళ్లద్దాలు ఇంటి దగ్గరున్నాయి, మీరే చూసుకోండి అన్నాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు.

నేను గెలిచానా? ఎలా గెలిచాను? నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అంత పెద్ద నిర్ణయం నా మాటలకు మార్చుకున్నాడంటే నేనే నమ్మను, ఎందుకంటే నా మాటలు మొదలవకముందే ఆయన పుస్తకం మూశాడు. నలుగురిలో సిగ్గుపడ్డాడా అంటే సిగ్గుపడ్డ మనిషి బిడ్డ తల మీద అలా చెయ్యి వేయడు. పండితుడేమో మిరుగం నాటి చేప మహిమ అన్నాడు. ఆఫీసరు తన ఉపన్యాసమే పనిచేసిందని అనుకున్నాడు. ఎవరి లెక్క వారిది. నేను మాత్రం బుర్ర గోక్కుంటూ కరీంనగర్ బస్సెక్కాను.

బతుకమ్మ సెలవుల ముందు ఆ ఊరికి పనిబడి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పిల్ల బడిలో ఉంది. తల్లి గడప దగ్గర చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కనే కూర్చున్నాను. పిల్ల ఎలా చదువుతుందంటే కూడబలుక్కుంటుంది మేడం, మెల్లగ అంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మీ ఆయన అద్దాలు ఎప్పుడూ వెంట ఉంచుకోడేం, భీవండిలో పనికి ఇబ్బంది కాదా అని మామూలుగా అడిగాను. ఆమె బీడీకి దారం చుట్టడం ఆపి నా వైపు వింతగా చూసింది.

"ఆయనకు అద్దాలెక్కడియి మేడం? చదువే రాదు. చిన్నప్పుడు సార్లు కొట్టి కొట్టి ఇడిసిపెట్టిన్రట. ఆడ బస్టాండుల మైకుల చెప్పేది ఇనే బస్సెక్కుతడు. బిడ్డ పుస్తకం పట్టుకొని గదే చెప్తుంటె టక్కున ఎర్కవట్టిండు. గా దినం ఇంటికి వచ్చి అన్నం తినలే. నా లెక్కనే దాసుకుంటుంది, ఎన్నొద్దుల సంది దాసుకుంటుందో అని ఒక్కటే ఏడ్చిండు."

ఉద్యోగమంతా చదవలేని వాళ్లను గుర్తుపట్టడమే నా పని. నా ఎదురుగా రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ అద్దాలు మర్చిపోయానన్న మనిషిని నేను గుర్తుపట్టలేదు. పదేళ్ల పిల్లలనే వెతకడం అలవాటైన కళ్లకు నలభై ఏళ్ల మనిషి కనబడలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఆ పిల్ల ఇప్పుడు హైస్కూల్లో పై తరగతులకు వచ్చింది. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుందట, కొన్ని రోజులు అదీ రాదట. ఇది విజయమా అని నన్ను మైకు ముందు నిలబెట్టి అడగకండి. కానీ ఆ రోజు గడప దగ్గర తల్లి ఇంకో మాట కూడా చెప్పింది. రోజూ పొద్దుమీకి తండ్రి భీవండి నుంచి వీడియో కాల్ చేస్తాడట. పిల్ల దారంతో అట్ట మీద ఒక అక్షరం పరిచి ఫోన్ ముందు పట్టుకుని, గిదేంది చెప్పు బాపూ అంటుందట.

"నిన్న చెప్పింది ఇయ్యాల మర్సిపోతడు మేడం. అటు ఆయన మొఖం మాడ్సుకుంటడు. ఇది మాత్రం కోపం జెయ్యది. ఏం కాదు బాపూ, రేపు మళ్ల చూద్దాం అంటది."